ఏ ప్రాసెసర్ ఫాస్టో ఇంట్లోనే కొలిచి తేల్చుకోవడం ఎలా?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. "అన్నా, ఐ5 తీసుకోమంటావా, రైజెన్ 5 తీసుకోమంటావా?" అని ఒకరు. "కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం, పాతదే నయమనిపిస్తోంది, మోసపోయామా?" అని ఇంకొకరు. "యూట్యూబ్‌లో వాళ్లకు టెస్టు స్కోరు పది వేలు వచ్చింది, నాకు ఏడు వేలు దాటట్లేదు" అని మరొకరు. ముగ్గురికీ కావలసింది ఒకటే, ప్రాసెసర్‌ని సరిగ్గా కొలవడం. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను.

ల్యాప్‌టాప్ విషయంలో మొదటి నిమిషంలో వచ్చే స్కోరుని నేను నమ్మను. పదో నిమిషంలో ఎంత వస్తోందో చూస్తాను. ఎందుకో ఆరో స్టెప్పులో మీకే కనిపిస్తుంది.

టెస్టుకు ముందు: దేన్ని దేనితో పోలుస్తున్నారు?

ఇంటెల్ వాళ్ల "ఐ5", ఏఎండీ వాళ్ల "రైజెన్ 5" అనేవి ఇంటిపేర్ల లాంటివి. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లో ఒకడు వస్తాదు కావచ్చు, ఇంకొకడు బక్కపలచగా ఉండొచ్చు. స్టిక్కర్ మీద ఇంటిపేరే ఉంటుంది. మీకు పూర్తి పేరు కావాలి.

రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ తీసుకోండి. పేరులో తేడా ఒక్క అంకె. మొదటిదాంట్లో 4 కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పని వరసలు). రెండోదాంట్లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఏఎండీ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకె లోపలున్న డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520లో అది 2, అంటే 2019లో మొదలైన జెన్ 2. 7530లో 3, అంటే జెన్ 3. ముందున్న 7 చూసి రెండూ సరికొత్తవే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇంటెల్‌లోనూ ఇదే తంతు. ఐ5-1235యూలో 10 కోర్లు, ఐ5-12450హెచ్‌లో 8 కోర్లు. పదే పెద్దదనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. రెండోదాంట్లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. చివరి అక్షరం కూడా చూడాలి: యూ అంటే 15 వాట్ల తరగతి, హెచ్ అంటే 45 వాట్ల తరగతి.

పూర్తి పేరు కోసం కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపైన సీపీయూ (అంటే ప్రాసెసరే) మీద నొక్కితే పూర్తి పేరు, కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు (అంటే థ్రెడ్లు) అన్నీ కనిపిస్తాయి. ఉన్నది ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి.

కావలసినవి

- పోల్చదలచుకున్న రెండు మెషీన్లు. ఒకటే ఉన్నా ఫర్వాలేదు, దాన్ని దాంతోనే పోల్చుకోవచ్చు: దుమ్ము దులపక ముందు, దులిపాక.
- ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఒరిజినల్ ఛార్జర్.
- సినీబెంచ్ ఆర్23. మాక్సన్ అనే సంస్థ 2020లో విడుదల చేసింది. 3డీ బొమ్మను గీయించి ప్రాసెసర్‌ని పిండేస్తుంది.
- 7-జిప్. ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేరే, అందులోనే బెంచ్‌మార్క్, అంటే స్పీడు కొలిచే టెస్టు ఉంది.
- హెచ్‌డబ్ల్యూఇన్ఫో. టెంపరేచరు, వాట్లు, స్పీడు చూపిస్తుంది.
- నోట్‌బుక్, పెన్ను, ఫోన్‌లో స్టాప్‌వాచ్.
- ఒక్కో మెషీన్‌కి రెండు గంటలకు పైగా ఖాళీ.

సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే. వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి. వెతికితే పైన వచ్చే "ఫ్రీ డౌన్‌లోడ్" సైట్లలో పక్కన ఇంకేం తగిలించి ఇస్తారో చెప్పలేం.

ఒక హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత విచ్చుకున్నా ఈ టెస్టులు పెట్టొద్దు. ముందు బ్యాటరీ మార్పించండి.

స్టెప్ 1: గది, బల్ల

మెషీన్‌ని గట్టి బల్ల మీద పెట్టండి. పరుపు మీద, దుప్పటి మీద, ఒళ్లో వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లు కింద నుంచి గాలి పీలుస్తాయి, ఆ కన్నాలు మూసుకుపోతే స్కోరు పడిపోతుంది.

గది వేడి కూడా లెక్కలోకొస్తుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ లేని గదిలో చేసిన టెస్టునీ, డిసెంబరు పొద్దున చేసిన టెస్టునీ పక్కపక్కన పెట్టి తేల్చేయకండి. రెండు మెషీన్లనీ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే ఫ్యాన్ స్పీడులో చేయండి. ఏసీ వేస్తే రెండింటికీ వేయండి. థర్మామీటరు ఉంటే గది ఎన్ని డిగ్రీలుందో రాసుకోండి.

స్టెప్ 2: కరెంటు

అందరూ దెబ్బతినే చోటు ఇదే, నేను కూడా. ఒకసారి మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా టెస్టులు చేశాను. ప్రతిసారీ రావలసినదాంట్లో మూడో వంతు తక్కువ. వాడి ముఖం వాడిపోయింది, చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయిందని మూత విప్పబోయాను కూడా. పిన్ని టీ తెచ్చి, "ఆ ప్లగ్గుకి స్విచ్ వేశారా?" అంది. వేయలేదు. మూడు గంటలపాటు బ్యాటరీ మీద నడిపాం.

అందుకని వరసగా చూడండి:

- ఛార్జర్ పెట్టి, స్విచ్ వేసి, స్క్రీన్ మీద ఛార్జింగ్ గుర్తు వచ్చిందో లేదో చూడండి.
- బ్యాటరీ 80 శాతం పైన ఉంటే మేలు.
- టైప్-సీ అయితే ఫోన్ ఛార్జర్ పెట్టకండి. ఛార్జ్ అవుతున్నట్టే కనిపిస్తుంది, కావలసిన వాట్లు మాత్రం రావు.
- విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలోకి వెళ్లి పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి.
- ల్యాప్‌టాప్ కంపెనీ సొంత యాప్‌లో సైలెంట్, పెర్ఫార్మెన్స్ లాంటి ఫ్యాన్ మోడ్‌లు ఉంటాయి. అక్కడ సైలెంట్‌లో ఉంటే విండోస్‌లో మీరేం మార్చినా పెద్దగా ఉపయోగం ఉండదు.
- స్లీప్‌ని నెవర్‌లో పెట్టండి.

కరెంటు పోయే వేళలుంటే ఆ టైముకి పెట్టుకోకండి. టెస్టు మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా బ్యాటరీకి మారిపోతుంది, స్కోరు పడిపోతుంది, మీరు ప్రాసెసర్‌ని తిట్టుకుంటారు. అలా జరిగిన రన్‌ని కొట్టేయండి.

స్టెప్ 3: లోపల నడుస్తున్నవన్నీ ఆపండి

రీస్టార్ట్ చేసి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. ఆన్ అయిన వెంటనే విండోస్ తన అప్‌డేట్లు, యాంటీవైరస్ తనిఖీ అన్నీ మొదలుపెడుతుంది. ఆ తర్వాత టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం చూడండి. 5 శాతం లోపు నిలకడగా ఉంటే మొదలుపెట్టొచ్చు. 15, 20 మధ్య ఊగుతుంటే సీపీయూ అన్న శీర్షిక మీద నొక్కండి, ఎక్కువ తింటున్నది పైకి వస్తుంది. క్రోమ్, వాట్సాప్, వన్‌డ్రైవ్, గేమ్ లాంచర్లు అన్నీ మూసేయండి.

యాంటీవైరస్‌ని పీకేయనక్కర్లేదు. రెండు మెషీన్లలోనూ ఒకేలా ఉంటే చాలు.

స్టెప్ 4: మీటర్లు సిద్ధం

హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచేటప్పుడు "సెన్సర్స్ ఓన్లీ" టిక్ పెట్టండి. వరసలు వరసలుగా అంకెలు వస్తాయి, కంగారు పడకండి. మీకు కావలసినవి నాలుగే: సీపీయూ టెంపరేచరు, సీపీయూ ప్యాకేజ్ పవర్ (చిప్ వాడుతున్న వాట్లు), కోర్ క్లాక్ (స్పీడు), ఇంటెల్ అయితే థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి స్పీడు తగ్గించుకోవడం) అన్న వరస. ప్రతి టెస్టుకు ముందు కింద ఉన్న గడియారం బొమ్మ నొక్కితే పాత రికార్డు చెరిగిపోయి కొత్తగా లెక్క మొదలవుతుంది.

స్టెప్ 5: చిన్న రన్

సినీబెంచ్‌లో ఫైల్ మెనూకి వెళ్లి అడ్వాన్స్‌డ్ బెంచ్‌మార్క్ టిక్ పెట్టండి. మినిమమ్ టెస్ట్ డ్యూరేషన్ అన్న చోట ఆఫ్ ఎంచుకుని మల్టీ కోర్ (అన్ని కోర్లూ కలిసి చేసే టెస్టు) నడపండి. బొమ్మ ఒక్కసారి పూర్తయ్యాక వచ్చిన స్కోరు రాసుకోండి. చల్లగా ఉన్న మెషీన్ ఒక్క ఉరుకు ఉరికితే ఎంత వస్తుందో ఇది. యూట్యూబ్‌లో చూపించే అంకె చాలాసార్లు ఇదే.

స్టెప్ 6: పది నిమిషాల రన్

ఇప్పుడు అదే చోట 10 నిమిషాలు ఎంచుకోండి. మొదలుపెట్టి మౌస్ కూడా ముట్టుకోకండి. ఫ్యాన్ అరుస్తుంది, అరవనివ్వండి. ఈ పది నిమిషాల్లో మీరు చూడవలసింది ప్యాకేజ్ పవర్.

ఐ5-1235యూ మెషీన్ అనుకుందాం. దాని మామూలు పవర్ 15 వాట్లు, టర్బోలో (కాసేపు స్పీడు పెంచుకునేటప్పుడు) 55 వాట్ల దాకా ఎక్కొచ్చని ఇంటెల్ రాసింది. టెస్టు మొదలవగానే వాట్లు జివ్వున పైకి లేస్తాయి. కొన్ని సెకన్లు అక్కడ నిలబడతాయి. తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన హద్దుకి దిగిపోతాయి. ఆ హద్దు ఒక మోడల్‌లో 15 దగ్గర ఉండొచ్చు, లావుగా ఉండి మంచి ఫ్యాన్ ఉన్న ఇంకో మోడల్‌లో అంతకు బాగా పైన ఉండొచ్చు. ప్రాసెసర్ అదే, స్టిక్కర్ అదే, స్కోరు వేరు. "ఐ5-1235యూ స్కోరెంత?" అంటే నేను ఒక్క అంకె చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

పది నిమిషాలయ్యాక ఈ భాగహారం చేయండి: పది నిమిషాల స్కోరుని చిన్న రన్ స్కోరుతో భాగించండి. చిన్న రన్‌లో 9,600, పది నిమిషాల్లో 7,700 వచ్చాయనుకుందాం. 7,700ని 9,600తో భాగిస్తే 0.80. అంటే ఐదో వంతు పోయింది. 0.95 పైన ఉంటే కూలింగ్ బాగున్నట్టే. 0.85 నుంచి 0.95 మధ్య పలుచటి ల్యాప్‌టాప్‌లకు మామూలే. 0.75 కంటే కింద ఉంటే ఎక్కడో తేడా ఉందని నేను వెతకడం మొదలుపెడతాను. ఇవి ఎవరో పెట్టిన ప్రమాణాలు కావు, నా చేతికి అలవాటైన గీతలు.

టెంపరేచరు 95, 100 డిగ్రీలు చూసి భయపడకండి. పై హద్దు చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో 100, చాలా రైజెన్‌లలో 95. హద్దు తగలగానే చిప్పే స్పీడు తగ్గించుకుంటుంది. కాలిపోదు, నెమ్మదిస్తుంది. ఒక్కసారిగా ఆఫ్ అయిపోయిందంటే మాత్రం టెస్టులు ఆపి సర్వీసుకి ఇవ్వండి.

ఇదే టెస్టు మొత్తం ఐదుసార్లు చేయాలి. మధ్యలో ఐదు నిమిషాలు చల్లారనివ్వండి. ఓపిక లేకపోతే మూడు, అంతకంటే తగ్గకండి. రెండు మెషీన్లుంటే మొదట ఏ, తర్వాత బీ, మళ్లీ బీ, ఆ తర్వాత ఏ, ఇలా మార్చి మార్చి నడపండి. ఏ మెషీన్ రన్‌లన్నీ పొద్దున, బీ రన్‌లన్నీ మిట్టమధ్యాహ్నం చేస్తే ఎండదెబ్బ అంతా బీ మీద పడుతుంది.

స్టెప్ 7: సింగిల్ కోర్

సింగిల్ కోర్ టెస్టు రెండుసార్లు చేస్తే చాలు. దీంట్లో వేడి తక్కువ, స్కోర్లు పెద్దగా ఊగవు. బ్రౌజర్, వర్డ్, మామూలు ఎక్సెల్ పనికి ఈ అంకే ముఖ్యం. వీడియో రెండరింగ్, పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయడం లాంటి వాటికి మల్టీ కోర్ అంకె.

స్టెప్ 8: 7-జిప్

7-జిప్ తెరిచి టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ నొక్కండి. రెండు మెషీన్లలోనూ డిక్షనరీ సైజు ఒకటే ఉండాలి, 32 ఎంబీ వదిలేయండి. థ్రెడ్లు ఆ మెషీన్‌లో ఎన్ని ఉంటే అన్ని. కంప్రెసింగ్, డీకంప్రెసింగ్ రేటింగులు రెండూ విడివిడిగా రాసుకోండి.

ఇంకో టెస్టు ఎందుకంటారా? సినీబెంచ్ ఆర్23కి ర్యామ్‌తో పెద్ద పని లేదు. 7-జిప్ కుదింపు పనికి ర్యామ్ కావాలి. సినీబెంచ్‌లో బాగా వచ్చి, ఇక్కడ కంప్రెసింగ్ మాత్రం నీరసంగా వస్తే ర్యామ్‌ని అనుమానించండి. చాలా బడ్జెట్ ల్యాప్‌టాప్‌లు 8 జీబీ ఒకే స్టిక్కుతో వస్తాయి, అంటే సింగిల్ ఛానెల్ (ర్యామ్‌కి ఒకటే దారి). ఇంకో స్టిక్ వేస్తే ఈ అంకె లేస్తుంది, చిప్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కి అంతకంటే ఎక్కువ లాభం.

గీక్‌బెంచ్ 6 అనే ఇంకో బెంచ్‌మార్క్ కూడా నడపాలనుకుంటే నడపండి, రెండు సంగతులు గుర్తుంచుకుని. ఉచిత వెర్షన్ మీ ఫలితాన్ని వాళ్ల సైట్లో అందరికీ కనిపించేలా పెడుతుంది. పైగా అది చిన్న చిన్న పరీక్షల మధ్య కాస్త విరామం ఇస్తుంది కాబట్టి వేడెక్కితే ఏమవుతుందో దాంట్లో సరిగ్గా బయటపడదు.

స్టెప్ 9: మీ సొంత పని

ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే పై స్కోర్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మీరు రోజూ ఏ పని దగ్గర గడియారం చూసుకుంటూ కూర్చుంటారో ఆ పనే టెస్టు.

- పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఒకే ఐదు నిమిషాల క్లిప్పుని రెండు మెషీన్లలోకీ కాపీ చేసి, వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో ఒకే ప్రీసెట్‌తో (సిద్ధంగా ఉండే సెట్టింగుల కట్ట) మార్చండి. ఇక్కడొక గొయ్యి ఉంది: వీడియో ఎన్‌కోడర్ అన్న చోట క్విక్‌సింక్, ఎన్‌వీఎన్‌సీ లాంటివి ఎంచుకుంటే పని చేసేది గ్రాఫిక్స్ భాగం, ప్రాసెసర్ కోర్లు ఊరికే కూర్చుంటాయి. ప్రాసెసర్‌ని కొలవాలంటే ఎక్స్265 ఎంచుకోండి. మీ రోజువారీ పని క్విక్‌సింక్‌తోనే అయితే దాన్నీ కొలవండి, వేరే వరసలో రాయండి.
- కోడింగ్ చేసేవాళ్లు ఒకే ప్రాజెక్టుని క్లీన్ చేసి బిల్డ్ చేయండి. మొదటి బిల్డ్‌లో ఫైళ్లు డిస్కు నుంచి వస్తాయి, దాన్ని లెక్కలో వేయకండి. రెండోసారి నుంచి రాసుకోండి.
- లెక్కల పనివాళ్లు అన్నింటికంటే బరువైన ఎక్సెల్ ఫైలు తెరిచి పూర్తిగా రీక్యాలిక్యులేట్ చేయించండి. పది సెకన్ల లోపు అయిపోతే స్టాప్‌వాచ్ నొక్కడంలోనే తప్పు వస్తుంది, వరసగా ఐదుసార్లు చేయించి మొత్తం టైము తీసుకోండి.
- గేమ్స్ ఆడేవాళ్లు రిజల్యూషన్ 720కి, గ్రాఫిక్స్ తక్కువకి దించి ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూడండి. అల్ట్రా సెట్టింగుల్లో పెడితే మీరు కొలిచేది గ్రాఫిక్స్ కార్డుని.

స్టెప్ 10: లెక్క

ఐదు రన్‌లలో 8,410, 8,365, 7,120, 8,390, 8,402 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 8,137. కానీ మెషీన్ నాలుగుసార్లు 8,360 పైనే ఇచ్చింది, మూడో రన్‌లోనే ఏదో అప్‌డేట్ అడ్డొచ్చి ఉంటుంది. చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి నట్టనడుమది తీసుకోండి: 8,390. అదే మీ అంకె. అన్నింట్లోకీ పెద్దది తీసుకుని స్నేహితులకు చూపించుకోవచ్చు, పోలికకు మాత్రం పనికిరాదు.

ఇక శాతాలు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. పాత మెషీన్‌లో ఒక వీడియోకి 100 సెకన్లు, కొత్తదాంట్లో 60 సెకన్లు పట్టిందనుకుందాం. టైము 40 శాతం తగ్గింది. స్పీడు ఎంత పెరిగింది? 100ని 60తో భాగించండి: 1.67 రెట్లు, అంటే 67 శాతం ఎక్కువ. రెండూ నిజమే. ఒక అమ్మకందారు 67 అంటాడు, ఇంకొకడు 40 అంటాడు, మీరు వాళ్లవి రెండు వేరు చిప్పులనుకుంటారు. నా పద్ధతి: స్కోరైతే కొత్తదాన్ని పాతదాంతో, టైమైతే పాతదాన్ని కొత్తదాంతో భాగించడం. అన్నీ "ఎన్ని రెట్లు" లోకి వస్తాయి.

సినీబెంచ్ వేలల్లో, 7-జిప్ పదుల్లో వస్తే రెండింటినీ కలిపి కూడకండి. రెట్లు మాత్రమే పక్కపక్కన రాయండి. సింగిల్ కోర్ 1.10, మల్టీ కోర్ 1.55, మీ సొంత పని 1.20 అని వచ్చిందనుకుందాం. మీకు సంబంధించింది ఆ చివరి 1.20. దానికోసం ఎంత డబ్బు పెట్టొచ్చో మీ ఇష్టం.

3 శాతం లోపు తేడా వస్తే సమానమనే రాయండి. అదే మెషీన్ రేపు మళ్లీ చేసినా అంత తేడా వస్తుంది.

ఫలితం నమ్మొచ్చా?

మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, మర్నాడు మళ్లీ ఒక్క పది నిమిషాల రన్ చేయండి. నిన్నటికి 2, 3 శాతం లోపు ఉంటే మీ కొలత నిలబడినట్టే. రెండు, ఇంటర్నెట్‌లో సరిగ్గా అదే చిప్, అదే సినీబెంచ్ వెర్షన్‌కి నలుగురైదుగురి స్కోర్లు చూడండి. ఒక్క అంకె కాదు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. మీది ఆ మధ్యలో పడితే సరే. మూడు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో యావరేజ్ వరస చూడండి. స్కోరు తగ్గిన రన్‌లో వాట్లు కూడా తగ్గాయా? తగ్గితే కారణం వేడి లేదా పవర్. వాట్లు తగ్గకుండా స్కోరే తగ్గితే ఇంకేదో ప్రోగ్రామ్ పక్కన తింటోంది.

మీది అందరికంటే 20 శాతం తక్కువుంటే ఈ వరసలో వెతకండి: ఛార్జర్, స్విచ్, పవర్ మోడ్, కంపెనీ యాప్‌లో ఫ్యాన్ మోడ్, వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములు, కింద కన్నాలు, ఫ్యాన్‌లో దుమ్ము, పాతదైతే ఎండిన థర్మల్ పేస్టు, బయోస్ (మదర్‌బోర్డులో ఉండే, మెషీన్‌ని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. ఒక్కసారికి ఒక్కటే మార్చి మళ్లీ కొలవండి. నాలుగైదు ఒకేసారి మార్చితే బాగుపడుతుంది, దేనివల్లో మాత్రం తెలియదు. మూత విప్పడం ఆఖరి పని. వారంటీ ఉంటే అది కూడా మీరు చేయొద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

వెర్షన్లు కలపడం మొదటిది. సినీబెంచ్ ఆర్23 స్కోరునీ, 2023లో వచ్చిన సినీబెంచ్ 2024 స్కోరునీ పోల్చకూడదు. కొత్తదాంట్లో అంకెలు చాలా చిన్నవిగా వస్తాయి. నాకు ఒకాయన ఏడుపు ముఖంతో ఫోన్ చేశాడు, "ఎనిమిది వేలు రావాల్సింది ఐదొందలే వచ్చింది" అని. గీక్‌బెంచ్ 5, 6 విషయమూ అంతే.

గిగాహెర్ట్జ్ చూసి తేల్చేయడం రెండోది. 4.7 అని రాసి ఉంటే అది ఒకటి రెండు కోర్లు కాసేపు అందుకోగల గరిష్ఠం. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు ఎంతుందో ఆరో స్టెప్పులో మీరే చూశారు.

డెస్క్‌టాప్ వాళ్లది ఇంకో కథ. డీడీఆర్4 3200 ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే అది 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంటుంది. ఇంకోవైపు కొన్ని మదర్‌బోర్డులు పవర్ హద్దుల్ని వాటంతట అవే ఎత్తేస్తాయి, స్కోరు ఉబ్బుతుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో వోల్టేజి సమస్య వల్ల మెషీన్లు క్రాష్ అవుతున్నాయని 2024లో పెద్ద గొడవైంది, ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చింది. ఆ చిప్పులుంటే బయోస్ అప్‌డేట్ చేసి, పవర్ సెట్టింగులు ఇంటెల్ డీఫాల్ట్‌లో పెట్టాకే కొలవండి.

ప్రైమ్95 లాంటివి పెట్టి "ఇదే అసలు టెస్టు" అనుకోవడం కూడా చూశాను. అది మెషీన్ నిలకడగా ఉందా లేదా చూడటానికి. రెండు ప్రాసెసర్ల స్పీడు పోల్చడానికి కాదు.

షాపులో ఉన్నారు, ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు

సేల్స్ అబ్బాయిని "తమ్ముడూ, ఒక్క ఐదు నిమిషాలు చూసుకుంటాను" అని అడగండి. సాధారణంగా కాదనరు. టాస్క్ మేనేజర్ తెరిచి చిప్ పూర్తి పేరు చూడండి. మెమరీ మీద నొక్కి "స్లాట్స్ యూజ్డ్" దగ్గర ఎన్నిట్లో ఎన్ని వాడారో చూడండి. నెట్ ఉంటే బ్రౌజర్‌లో స్పీడోమీటర్ 3 నడపండి. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి 2024లో తెచ్చిన టెస్టు అది, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. పక్కనున్న రెండో మోడల్‌లోనూ అదే బ్రౌజర్‌లో నడపాలి, ఒకదాంట్లో ఎడ్జ్, ఇంకోదాంట్లో క్రోమ్ కాదు. ఇది ముఖ్యంగా ఒక్క కోర్ చురుకుదనాన్నే చెబుతుంది. అయినా స్టిక్కర్ కంటే నయం.

ప్లగ్ పెట్టి ఉందో లేదో ఇక్కడా చూడండి. డెమో పీసులకు చాలాసార్లు ఛార్జర్ తీసేసి ఉంటుంది.

ఫోన్ సంగతి

ఫోన్‌లో గీక్‌బెంచ్ నడుపుతారా? కవర్ తీసేయండి, ఛార్జింగ్‌లో పెట్టకండి, వరసగా మూడుసార్లు చేసి మూడోది రాసుకోండి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. 2021లో వన్‌ప్లస్ 9 ఫోన్లనీ, 2022లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 దాకా ఫోన్లనీ గీక్‌బెంచ్ తన పట్టిక నుంచి తీసేసింది. మామూలు యాప్‌లకు స్పీడు తగ్గించి, బెంచ్‌మార్క్‌కి మాత్రం తగ్గించకుండా వదిలేస్తున్నాయని తేలింది మరి. కాబట్టి ఫోన్ విషయంలో స్కోరు కంటే మీరు ఆడే గేమ్‌ని అరగంట ఆడి, చివరి ఐదు నిమిషాల్లో ఎలా ఉందో చూసుకోవడమే మేలు.

అంతా అయ్యాక పవర్ మోడ్‌ని బ్యాలెన్స్‌డ్‌కీ, స్లీప్‌ని పాత టైముకీ మార్చండి. పిన్ని కొడుకు ఇది మర్చిపోయి ల్యాప్‌టాప్‌ని స్క్రీన్ వెలుగుతుండగానే వదిలేసి పడుకున్నాడు, పొద్దున కాలేజీకి బయల్దేరేసరికి బ్యాటరీ సున్నా. ఆ రాత్రి కూడా స్విచ్ వేయలేదట.